మా ఇంటి నైట్ ఎల్ఫ్ పెళ్ళిచూపులు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో మా తమ్ముడు ఆడపిల్ల. బయట ఆరడుగుల మనిషి, గుబురు గడ్డం, విజయవాడలో ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రి పది దాటిందంటే మాత్రం ఊదారంగు ఒళ్ళు, మూరెడు చెవులు, పచ్చజుట్టు. నైట్ ఎల్ఫ్ అంటారట ఆ జాతిని. పులినెక్కి అడవుల్లో తిరుగుతూ, దెబ్బలు తగిలినవాళ్ళకి వైద్యం చేస్తుంటుంది.

ఎందుకురా ఈ వేషం అంటే సమాధానం రెడీ. "గంటల తరబడి నా బొమ్మని వెనకనుంచి చూస్తూ కూర్చోవాలి కదక్కా, చూసేదేదో అందంగా ఉంటే తప్పా?" ఇలాంటి ఆటలాడే మగాళ్ళు చాలామంది చెప్పుకునే కారణమే ఇది. వాడు చెప్పని కారణం ఇంకోటుంది. ఆడరూపం కనిపిస్తే అడక్కుండానే సాయాలు అందుతాయి. కలిసి ఆడే వాళ్ళ జట్టు, గిల్డ్‌లో ఒక పాలడిన్, అంటే నిలువెత్తు కవచం తొడుక్కున్న వీరుడు, వీడికి బంగారం ఇచ్చాడు, సామాను పెట్టుకోవడానికి పెద్ద సంచీ ఇచ్చాడు. మనవాడు థాంక్స్ అని టైప్ చేసి ఊరుకున్నాడు. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు.

వాడికి ఇంకా సంబంధం కుదరలేదని బెంగపెట్టుకున్న మా పెద్దమ్మ తెనాలి నుంచి దిగింది. రాత్రి పాలగ్లాసు పట్టుకుని గదిలోకెళ్ళి, స్క్రీన్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. చప్పుడు చెయ్యకుండా ఫోటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాకే నోరు విప్పింది.

"ఎవర్రా ఈ పిల్ల? సాక్షాత్తూ దుర్గమ్మలా పులెక్కింది!"

"నైట్ ఎల్ఫ్ పెద్దమ్మా."

"నైట్ షిఫ్టా! పాపం, అందుకే ఒళ్ళంతా అలా కమిలిపోయింది. ఏ ఊరు?"

"టెల్డ్రాసిల్. పెద్ద చెట్టు మీద ఊరు. 2018లో శత్రువులు తగలబెట్టేశారు."

"అయ్యో, కొంపాగోడూ లేని పిల్లన్నమాట. అయితే కట్నం మాట ఎత్తొద్దు."

"అది నేనే పెద్దమ్మా!"

"అలాగే అంటారు నాయనా, మనసులు కలిశాక."

ఇంతలో స్పీకర్లోంచి ఒక గొంతు దగ్గింది. రైడ్, అంటే జట్టంతా కలిసి రాక్షసుడి మీదకెళ్ళే దాడి, మొదలవబోతోందని మనవాడు మైక్ ఆన్ చేసి పెట్టాడు. గిల్డంతా తెలుగువాళ్ళే. "ఆంటీ, నేను పాలడిన్‌ని. ఆ అమ్మాయి విషయం నేను ముందే అనుకున్నానండీ. మీ అబ్బాయి ఎవరో కానీ, కొంచెం పక్కకి తప్పుకోమనండి."

ఇక దాచి లాభం లేదు. "ఒరేయ్, ఆ అబ్బాయీ నేనే, అమ్మాయీ నేనే" అన్నాడు మావాడు, ఆ గడ్డానికి తగ్గ గొంతుతో.

అవతల ఉలుకూ పలుకూ లేదు. హాల్లోంచి మా నాన్న, "నర్తనశాలలో కీచకుడు చీకట్లో భీముణ్ణి తడిమినప్పుడూ ఇంతే నిశ్శబ్దం" అన్నాడు. ఆయన పద్యనాటకాల మనిషి. ఆడవేషం తప్పంటే ఒప్పుకోడు. "స్థానం నరసింహారావు గారు సత్యభామ కట్టిన మనిషి. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మరి వీడికేమిచ్చారు?"

"సంచీ," అన్నాను.

కాసేపటికి పాలడిన్ తేరుకుని షరతు పెట్టాడు: మగాడిగా మారితేనే మాటలు. అదేమంత కష్టం కాదు. 2020 నుంచి ఆ ఆటలో బార్బర్ కుర్చీలో కూర్చుని కాస్త బంగారం పడేస్తే ఆడ మగవుతుంది, మగ ఆడవుతుంది. మనవాడు పులి దిగి కుర్చీలో కూర్చున్నాడు. వెనకనుంచి పెద్దమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. "వద్దురా, నిక్షేపంలాంటి జుట్టు! ఒక పక్కన పూలు పెడితే ఎంత బావుంటుందో."

రైడ్ టైమైపోతోంది. వైద్యం చేసే హీలర్ లేకుండా రాక్షసుడి ముందుకెళ్తే గిల్డంతా శవాలే. పాలడిన్ పెద్ద నిట్టూర్పు విడిచాడు. "సరే, అలాగే రా బాబూ. సంచీ కూడా ఉంచుకో. నన్ను మాత్రం చావనివ్వకు."

పెద్దమ్మ నా చెవి దగ్గరకొచ్చింది. "ఎంత పెద్ద మనసే ఈ అబ్బాయిది! ఏ ఊరో, ఏం ఉద్యోగమో కనుక్కో. మన తెనాలి మేనకోడలికి చూద్దాం."