దయ్యం ఈల, సంప్ మోటరు

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకా మెసేజ్‌లు పడుతూనే ఉన్నాయి, మ్యూట్‌లో పెట్టి ఇది రాస్తున్నా.

మా బావమరిది షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడు. దయ్యం వచ్చే ముందు సన్నగా ఒక ఈల కావాలి బావా అన్నాడు. నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయిరా అంటే వినడే, ఇంట్లో అంత పెద్ద మెషీన్ పెట్టుకుని ఆ మాటేంటి అన్నాడు, దాంతో మనం ఫ్లాట్. మెషీన్ అంటే సెకండ్ హ్యాండ్ అనలాగ్ సింత్, అంటే కరెంటు సర్క్యూట్లతో సౌండ్ పుట్టించే కీబోర్డు, బెడ్‌రూమ్‌లో ఇస్త్రీ బల్ల మీద ఉంటుంది. స్పీకరు మాత్రం యుటిలిటీలో, డక్ట్ వైపు తిరిగి ఉంటుంది. పాత స్టూడియోల్లో ఎకో కోసం ఖాళీ గదిలో స్పీకరు, మైకు పెట్టి రికార్డ్ చేసేవాళ్ళు, మరి బెంగళూరు కుందలహళ్లిలో మనం కట్టే అద్దెకి ఖాళీ గది ఎక్కడ దొరుకుతుంది, బాత్రూమ్ పైపులు దిగే డక్టే గతి. ఎకో మాత్రం అదుర్స్.

ఈల చెయ్యడానికి అసలు ఆసిలేటర్, అంటే సింత్‌లో సౌండ్ పుట్టించే భాగం, కూడా అక్కర్లేదండీ. లో-పాస్ ఫిల్టర్ ఒక్కటి చాలు. కటాఫ్ అనే నాబ్ ఎక్కడుంటే దాని పైన ఉన్న ఫ్రీక్వెన్సీలు తగ్గిపోతాయి, సింత్‌లు తయారుచేసిన రాబర్ట్ మూగ్ గారు 1969లో పేటెంట్ పట్టిన లాడర్ ఫిల్టర్ లాంటిదైతే ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున కోసేస్తుంది. పక్కనే రెసొనెన్స్ నాబ్. అది ఫిల్టర్‌లోంచి బయటికొచ్చిన సౌండ్‌ని కొంచెం మళ్ళీ లోపలికే పంపిస్తుంది. పెళ్ళిలో పంతులుగారి మైకు స్పీకరు ముందుకెళ్తే కుయ్యిమంటుంది చూశారా, అదే కథ. రెసొనెన్స్ ఫుల్లుగా తిప్పితే ఇక ఏ సౌండూ ఇవ్వకపోయినా ఫిల్టరే సొంతంగా పాడేస్తుంది, శుద్ధమైన సైన్ వేవ్, కటాఫ్ తిప్పితే శృతి మారుతుంది. దాన్ని 2000 హెర్ట్జ్ దగ్గర పెట్టి, ఎల్‌ఎఫ్‌ఓ అనే నిదానంగా ఊగే సర్క్యూట్‌తో మెల్లగా పైకీ కిందకీ ఊగేలా చేసి, కీ నొక్కకపోయినా మోగుతూనే ఉండేలా వీసీఏ (సౌండ్‌ని బయటికి వదిలే భాగం) స్విచ్ ఆన్‌లో పెట్టా. హెడ్‌ఫోన్స్‌లో వింటే నాకే ఒళ్ళు జలదరించింది. మా ఆవిడ అనంతపురం వెళ్ళింది, అర్ధరాత్రి దాటింది, నన్ను ఆపేవాళ్ళెవరు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఫోన్‌కి హెడ్‌ఫోన్స్ పెడితే స్పీకరు ఆగిపోతుంది. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇంత డబ్బు పోసి కొన్న ఈ డబ్బాకి తెలియదు, హెడ్‌ఫోన్స్ పెట్టినా వెనకాల మెయిన్ అవుట్‌లోంచి సౌండ్ దర్జాగా వెళ్తూనే ఉంటుంది. డిజైన్ చేసిన మహానుభావుడెవరో గానీ అతను డక్ట్ ఉన్న ఇంట్లో ఎప్పుడూ ఉండలేదు.

సెక్యూరిటీ తలుపు బాదాడు. హెడ్‌ఫోన్స్ తీశాక కూడా ఈల వినిపిస్తోంది, సరే ఇంతసేపు విన్నాం కదా చెవుల్లో ఉండిపోయిందేమో అనుకున్నా. ‘ఏన్ సార్ ఇదు సౌండు’ అని వాడూ అడిగేసరికి మనసు కుదుటపడింది, అందరికీ వినపడుతోంది, అంటే నా చెవులు బానే ఉన్నాయి.

కింద బేస్‌మెంట్‌లో సగం అపార్ట్‌మెంట్ ఉంది. ఒకాయన లిఫ్ట్ అంటాడు, ఒకాయన యూపీఎస్ అంటాడు, పై ఫ్లోర్ బామ్మగారైతే ‘నా చెవిలో హోరేమో అనుకుని చుక్కల మందు వేసుకున్నా నాయనా’ అంది. సౌండ్ గురించి మాట్లాడే హక్కు అక్కడ ఎవరికైనా ఉందంటే నాకే కదా. ఇలాంటి సన్నటి టోన్ ఆగకుండా వస్తుంటే ఎటునుంచి వస్తోందో చెవి పట్టలేదండీ అని మొదలుపెట్టా. కింది ఫ్రీక్వెన్సీల్లో రెండు చెవులకీ సౌండ్ చేరే టైమ్‌లో తేడా పనికొస్తుంది, పై వాటిల్లో లౌడ్‌నెస్ తేడా పనికొస్తుంది, 1500 నుంచి 3000 హెర్ట్జ్ మధ్యలో రెండూ అంతంతమాత్రమే అని లెక్చర్ దంచా. సెక్రటరీ గారు కూడా తలూపారు, ఆయన తలూపడం నేనెప్పుడూ చూళ్ళేదు. శృతి మెల్లగా పైకీ కిందకీ ఊగుతోంది కాబట్టి తిరిగే వస్తువే, సంప్ మోటరు బేరింగ్ అయ్యుండొచ్చు అని గ్రూపులో కూడా పెట్టా, పద్నాలుగు బొటనవేళ్ళు వచ్చాయి.

ఎలక్ట్రీషియన్ మోటరు విప్పాడు. ఈల ఆగలేదు. మెయిన్ ఆఫ్ చేస్తే ఆగింది, ఆన్ చేస్తే మళ్ళీ వచ్చింది. దాంతో మీటర్ రూమ్‌లో ఒక్కో ఫ్లాట్ ఎంసీబీ దించుతూ వచ్చాడు, ఫోన్ టార్చ్ పట్టింది నేనే. ఒకటి దించితే పైనుంచి ‘అరే కాల్‌లో ఉన్నానయ్యా’ అని కేక, ఇంకోటి దించితే ఏసీ ఆగిందని చంటిపిల్ల ఏడుపు. ఈల మాత్రం హాయిగా ఊగుతోంది. అలా దించుతూ దించుతూ ఒక స్విచ్ దగ్గరికొచ్చాడు. టక్. నిశ్శబ్దం.

మళ్ళీ ఎత్తాడు. ఓ క్షణం ఏమీ లేదు, తర్వాత సన్నగా, దూరంగా, ఊఊఊ అని.

దించాడు. లేదు. ఎత్తాడు. ఊఊఊ. వాడికి ఎక్కడలేని సరదా పుట్టుకొచ్చింది, దించుతాడు, ఎత్తుతాడు, చుట్టూ చూసి నవ్వుతాడు. ఆ స్విచ్ కింద పెయింట్‌తో రాసిన నంబరు మీద నా టార్చే పడుతోంది, చెయ్యి పక్కకి తిప్పుదామంటే అందరూ చూస్తున్నారు. ‘ఇది ఎవరి ఫ్లాటు?’ అన్నారు సెక్రటరీ గారు. బామ్మగారు నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకుని, ‘ఇంకోసారి చెక్ చేద్దామండీ, కాకతాళీయం కూడా అయ్యుండొచ్చు’ అన్నా.

పొద్దున గ్రూపులో నోటీసు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదట. ఆ 45 సెక్రటరీ గారి అబ్బాయి బుల్లెట్‌కి వర్తించదు కాబోలు, అది రోజూ ఒంటిగంటకే ర్యాంప్ ఎక్కుతుంది. పైగా మోటరు మళ్ళీ బిగించేటప్పుడు సీల్ చిరిగిందట, నీళ్ళు పైకి ఎక్కలేదు, ట్యాంకరు తెప్పించి ఆ బిల్లు నా మెయింటెనెన్స్‌లో కలిపారు. చించింది ఎలక్ట్రీషియన్, విప్పమన్నది సెక్రటరీ, నేను బేరింగ్ అన్నానంతే. అది కూడా ‘అయ్యుండొచ్చు’ అన్నాను, కావాలంటే గ్రూపులో పైకి వెళ్ళి చూసుకోమనండి.