మేడమ్ గారి ఓపిక

నిన్న నా ఓపీ పూర్తయ్యేసరికి మూడు దాటింది. ఒకటిన్నరకే అయిపోవాల్సింది. చివరి పేషెంట్ లేచి వెళ్తూ "మీకు చాలా ఓపికండీ మేడమ్. పక్క గదిలో సార్ అయితే రెండు నిమిషాల్లో మందులు రాసి పంపించేస్తారు" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు, కాదనను. కానీ పక్క గదిలో సార్ అప్పటికే భోంచేసి, రిపోర్టులు చూసేసి, బండి తీసుకుని వెళ్ళిపోయారు. నెలాఖరున లెక్క తీస్తే ఆయన చూసిన పేషెంట్లు నా కంటే ఎక్కువే ఉంటారు. మీటింగులో నాకేమో "కాస్త స్పీడ్ పెంచండి మేడమ్" అని సలహా వస్తుంది.

(ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరం వస్తే ఆయనకే చూపించుకుంటాను. గొడవ ఆయనతో కాదు.)

పదమూడేళ్ళుగా ఈ "ఓపిక" మాట వింటున్నాను. మొదట్లో పొగడ్త అనుకుని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు వింటే ఒళ్ళు మండుతోంది. ఎందుకో రాసుకుంటే గాని తగ్గేలా లేదు. పోస్టు పెద్దదే, తీరిక ఉన్నవాళ్ళే చదవండి.

తెలుగులో ఓపిక అంటే సహనం, ఓపిక అంటే ఒంట్లో సత్తువ. డాక్టరు ఆడమనిషి అయితే మొదటిది పుట్టుకతోనే వచ్చేస్తుందని అందరి నమ్మకం. రెండోది ఉండదనీ వాళ్ళ నమ్మకమే. నా స్నేహితురాలు పీజీలో సర్జరీ తీసుకుంటానన్నప్పుడు ఒక పెద్ద డాక్టర్ "గంటలకొద్దీ నిలబడాలమ్మా, నీకంత ఓపిక ఎక్కడిది? ఏదైనా లైట్ బ్రాంచ్ చూసుకో" అన్నారు. మరి ఆయన దృష్టిలో ఆడవాళ్ళకి సరిపోయే బ్రాంచ్ ఏమిటో తెలుసా? గైనకాలజీ. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ వస్తే పరుగెత్తాలి, నిమిషాల్లో సిజేరియన్‌కి సిద్ధం కావాలి, రెండు ప్రాణాలకు జవాబుదారీ. ఇదట లైట్! అక్కడ రాత్రంతా నిలబడే ఆడ డాక్టర్‌ని గాని, వార్డులో పన్నెండు గంటలు నడిచే నర్సుని గాని "నీకంత ఓపిక ఉందా" అని ఎవరైనా అడగ్గా విన్నారా? ఆ స్నేహితురాలు సర్జరీయే చేసింది. ఇప్పటికీ ఆపరేషన్ థియేటర్‌లో చాలా పరికరాలు పెద్ద చేతులకి కుదిరే సైజులోనే ఉంటాయని, కుట్లకి బదులు వాడే కొన్ని స్టేప్లర్లు నొక్కడానికి రెండు చేతులూ వాడాల్సి వస్తుందని చెబుతుంటుంది. అలా వాడితే చూసేవాళ్ళు పరికరం పెద్దదని అనుకోరు, డాక్టర్‌కి చేతకావడం లేదనుకుంటారు.

సరే, టైమ్ సంగతికి వస్తాను. ఇది నా ఒక్కదాని ఏడుపు కాదు. అమెరికాలో ప్రైమరీ కేర్ డాక్టర్ల (ఏ బాధకైనా మొదట చూపించుకునేవాళ్ళ) మీద చేసిన పెద్ద అధ్యయనం 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఒకే చోట పనిచేసే ఆడ, మగ డాక్టర్లను పోల్చి చూస్తే, ఆడవాళ్ళు ఒక్కో పేషెంట్‌తో సగటున 2.4 నిమిషాలు ఎక్కువ గడుపుతున్నారు. దాంతో చూసే పేషెంట్ల సంఖ్య తగ్గుతోంది, ఏడాది తిరిగేసరికి విజిట్ల మీద వచ్చే ఆదాయం దాదాపు 11 శాతం తక్కువ పడుతోంది. గదిలో గడిపిన గంటలు మాత్రం తక్కువేమీ కాదు, కాస్త ఎక్కువే.

ఆ రెండున్నర నిమిషాల్లో ఏం జరుగుతుందో చెప్పనా? తలనొప్పి అని వచ్చినావిడ కుర్చీలోంచి లేవబోతూ "ఇంకోటి మేడమ్..." అంటుంది. ఆ ఇంకోటే అసలు జబ్బు. రొమ్ములో గడ్డో, ఇంట్లో దెబ్బలో, నిద్రపట్టని ఆరు నెలలో. ఆ మాట వినకుండా తలుపు వైపు చూడలేం. పేషెంట్లు కూడా మా దగ్గరే ఎక్కువ చెబుతారు, చెప్పొచ్చనే ధైర్యంతోనే వస్తారు. పక్క గదిలో రెండు నిమిషాలకే సర్దుకునే మనిషి నా గదిలో రెండు నిమిషాలకి లేవమంటే "మేడమ్‌కి పొగరు" అంటారు.

2017లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఇంకో పరిశోధన వచ్చింది. ఆస్పత్రిలో చేరిన 65 ఏళ్ళు దాటినవాళ్ళలో నెల రోజుల్లోపు చనిపోయినవాళ్ళు ఆడ డాక్టర్లు చూసినచోట 11.07 శాతం, మగ డాక్టర్లు చూసినచోట 11.49 శాతం. తేడా చిన్నది. దీన్ని పట్టుకుని ఆడ డాక్టర్లే గొప్ప అని జెండా ఎగరేసేవాళ్ళతో నాకు పేచీయే. కానీ నిదానంగా చూడటాన్ని స్పీడ్ లేకపోవడం అని రాసే రిజిస్టర్‌లో ఈ తేడాకి ఒక గడి ఐనా ఉండాలి కదా.

పొరపాటు జరిగినప్పుడైతే మరీ అన్యాయం. హెదర్ సార్సన్స్ అనే ఆర్థికవేత్త అమెరికా మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) రికార్డులు తీసి, ఆపరేషన్‌లో పేషెంట్ చనిపోయాక సర్జన్లకు వచ్చే రిఫరల్స్, అంటే వేరే డాక్టర్లు పంపే పేషెంట్లు, ఏమవుతున్నాయో చూశారు. ఆడ సర్జన్‌కి మగ సర్జన్ కంటే చాలా ఎక్కువగా తగ్గిపోయాయి. పైగా అలా పేషెంట్లని పంపే డాక్టర్లు అంతకుముందు పరిచయం లేని వేరే ఆడ సర్జన్లకి పంపడం కూడా తగ్గించారు. ఒకరి కేసు పాడైతే మా అందరి లెక్కలోంచీ కోత. మగ సర్జన్‌కి ఆ రోజు బాగోలేదంతే.

నేనేమీ పత్తిత్తుని కాదు. కొన్నేళ్ళ కిందట వేరే ఆస్పత్రి కార్డియాలజిస్ట్‌కి రిఫరల్ లెటర్ రాస్తూ, పేరు కూడా సరిగ్గా చూడకుండా "డియర్ సర్" అని పెట్టేశాను. ఆవిడ నవ్వుతూ ఫోన్ చేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను రోజూ "సిస్టర్, డాక్టర్ గారు ఎప్పుడొస్తారు?" అని అడిగేవాళ్ళని తిట్టుకునే నేనే ఈ పని చేశాను. (సిస్టర్ అంటే తక్కువని కాదు. వాళ్ళు లేకపోతే ఆస్పత్రి ఒక్క పూట నడవదు. స్టెతస్కోప్ మెళ్ళో ఉన్నా నేను డాక్టర్‌గా కళ్ళకి ఆనకపోవడమే నా బాధ.) మా వార్డులో మగ నర్సుకి రివర్స్ కష్టం. అతన్ని "సార్" అని పిలిచి రిపోర్టులు చేతిలో పెడతారు. అతను "నేను నర్సునండీ" అని చెప్పగానే ముఖాలు మారిపోతాయి.

చరిత్ర తిరగేస్తే నవ్వూ కోపమూ రెండూ వస్తాయి. 1869లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో యూనివర్సిటీలో మెడిసిన్ చదవడానికి ఆడవాళ్ళు చేరారు. తర్వాతి ఏడాది వాళ్ళు అనాటమీ పరీక్షకి వెళ్తుంటే గుంపు అడ్డం నిలబడి బురద కొట్టింది, హాల్లోకి గొర్రెని తోలింది. డిగ్రీలివ్వలేదు. వాళ్ళలో మొదటి ఏడుగురికీ 2019లో, చనిపోయాక, గౌరవ డిగ్రీలిచ్చారు. ఇప్పుడు గొర్రెల్ని తోలరులెండి, కంప్యూటర్ ఉంది. టోక్యో మెడికల్ యూనివర్సిటీ ఏళ్ళ తరబడి ప్రవేశ పరీక్షలో అమ్మాయిల స్కోర్లు కావాలని తగ్గిస్తోందని 2018లో బయటపడింది. పెళ్ళయి పిల్లలు పుట్టాక మానేస్తారు, డాక్టర్ల కొరత వస్తుంది, అదీ వాళ్ళ సమర్థన. మరుసటి ఏడాది ఆ మోసం లేకుండా పరీక్ష పెడితే అమ్మాయిల ఉత్తీర్ణత శాతం అబ్బాయిల కంటే కాస్త ఎక్కువే వచ్చింది.

మానేస్తారు నిజమే, కొందరు మానేస్తారు. ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసి ఇంటికెళ్ళాక అక్కడ రెండో డ్యూటీ మొదలైతే ఎవరైనా మానేస్తారు. రోస్టర్ మార్చడం కష్టమనుకుని మార్కులు మార్చారు.

మొన్న మీటింగులో ధైర్యం చేసి అడిగాను, పేషెంట్ల సంఖ్య పక్కనే ఎంతసేపు చూశామో కూడా రాయండి, అదే పేషెంట్ అదే బాధతో వారంలో మళ్ళీ వచ్చాడో లేదో కూడా రాయండి అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అధ్యక్షులవారు చిరునవ్వుతో "చూద్దాం మేడమ్, కొంచెం ఓపిక పట్టండి" అన్నారు.

వచ్చే నెల మీటింగ్ పద్నాలుగున. మళ్ళీ అడుగుతాను.