మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోయిన మహానుభావులకు

కొత్త మిస్టరీ సిరీస్ అర్ధరాత్రి పన్నెండింటికి విడుదలైంది. ఎనిమిది ఎపిసోడ్లు, ఒక్కొక్కటి 45 నిమిషాలు. కన్నార్పకుండా చూసినవాళ్లకి సరిగ్గా పొద్దున ఆరింటికి అయిపోతుంది. ఆరూ అయిదుకల్లా ప్రకటన వెలువడుతుంది: ‘‘హంతకుడెవరో నాకు మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోయింది.’’

ఈ ప్రకటన చేసేవారిని తేలిగ్గా తీసిపారేయకూడదు. మొదటి ఎపిసోడ్‌లో తెలిసిన సంగతిని మిగిలిన ఏడు ఎపిసోడ్ల పాటు, అంటే అయిదుంబావు గంటల సేపు, పక్కన కూర్చున్న మనిషికి కూడా పొక్కనివ్వకుండా కడుపులో దాచుకున్నారు. రెండో ఎపిసోడ్‌లో డాక్టర్ మీద, నాలుగోదాంట్లో తోటమాలి మీద, ఆరోదాంట్లో చచ్చిపోయినవాడి మీదే అనుమానపడినట్టు పైకి నటించారు. ఇంతటి నిగ్రహం ముక్కు మూసుకుని తపస్సు చేసిన విశ్వామిత్రుడికే లేదు. మేనక రాగానే ఆయన కళ్లు తెరిచేశాడు.

ఈ తపస్సు ఎలా సాగుతుందో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. తెర మీద శవం పడగానే రిమోట్ చేతిలోకి వస్తుంది. ‘‘ఆపు’’ అంటాడు ఇంటి అపరాధ పరిశోధకుడు. బొమ్మ ఆగుతుంది. పది సెకన్లు వెనక్కి. ఇంకో పది సెకన్లు వెనక్కి. టీ కప్పు పిడి ఇందాక కుడివైపుంది, ఇప్పుడు ఎడమవైపుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు. తెర వెలుతురు నూటికి నూరు పెంచారు. ఫోన్‌తో తెరను ఫొటో తీసి, ఆ ఫొటోని రెండు వేళ్లతో సాగదీశారు. సాగదీసినకొద్దీ కప్పు చదరాలు చదరాలుగా విడిపోయింది. ఆ చదరాల్లో ఒకరికి మొహం కనబడింది, ఇంకొకరికి మీసం కనబడింది. ‘‘ఎవరో లోపలికొచ్చి కప్పు తిప్పారు. తిప్పినవాడిది ఎడమచేతి వాటం.’’ ఎడమచేతి వాటం ఎవరిది? వెతగ్గా వెతగ్గా గుమస్తా ఒకచోట ఎడమచేత్తో తల గోక్కున్నాడు. ఇక గుమస్తా పని అయిపోయింది. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. గుమస్తా గది నంబరు వంద. పదిని పదితో గుణిస్తే? ఎవరికో ఒళ్లు జలదరించింది. పెద్దలు మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడంతో ఆగిపోయారు గానీ, ఇక్కడ ముడి మీద లక్క ముద్ర కూడా పడింది. ఈలోగా తెర మీద డిటెక్టివ్ సగం తెరిచిన నోటితో 22 నిమిషాలుగా నిలబడి ఉన్నాడు, పాపం, తన మాట ఎప్పుడు చెప్పనిస్తారా అని.

కప్పు సంగతి తేల్చేద్దాం. సీన్లు కథ వరసలో తీయరు. ఒకే గదిలో జరిగేవన్నీ ఒకచోట చేర్చి తీస్తారు. అదే సీన్‌ని దూరంనుంచి ఒకసారి, దగ్గర్నుంచి ఒకసారి, అవతలి మనిషి భుజం మీదుగా ఒకసారి, ప్రతిదానికీ మళ్లీ నాలుగైదు టేకులు. కప్పు ఎక్కడుంది, ఎంత నిండి ఉంది, ఏ మాట దగ్గర చెయ్యి లేచింది అని రాసుకోవడానికే కంటిన్యుటీ చూసే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి ఎంత రాసుకున్నా, ఎడిటర్‌కి రెండో టేకులో కళ్లు బాగుంటాయి, అయిదో టేకులో గొంతు బాగుంటుంది. కప్పు పిడి కోసం అతను నటనను వదులుకోడు. రెండూ అతికించాడు, పిడి తిరిగింది. హంతకుడు కాదు తిప్పింది, ఎడిటర్. 2019 మేలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో కత్తులూ కోటలూ ఉన్న కాలపు విందు బల్ల మీద మూతపెట్టిన కాఫీ కప్పు ఒకటి దర్శనమిచ్చింది. పొరపాటేనని ఒప్పుకుని, దాన్ని బొమ్మలోంచి తుడిచేశారు. అది హత్య మిస్టరీ కాదు కాబట్టి సరిపోయింది. అయ్యుంటే ఆ కాఫీ తెచ్చిన కుర్రాడికి ఉరి పడేది.

ఇక లెక్క. కథలో అనుమానితులు ఎనిమిదిమంది అనుకోండి. వెయ్యిమంది కళ్లు మూసుకుని తలా ఒక పేరు చెప్పినా సుమారు 125 మందికి హంతకుడు తగులుతాడు. వాళ్లలో ఒక్కరు కూడా బుర్ర వాడలేదు. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి మాత్రం తన విశ్లేషణ శక్తి గురించి గంటసేపు మాట్లాడదు. పైగా మన పరిశోధకుడు ఒక్క పేరుతో ఆగే రకం కాదు. ఎపిసోడ్‌కి ఒకరి చొప్పున ఎనిమిదిమందినీ అనుమానిస్తాడు. చివరికి అందులో ఒకడు దొరుకుతాడు, దొరక్కేం చేస్తాడు! మిగిలిన ఏడుగురి సంగతి అడిగితే, ‘‘నేను ముందే అన్నానుగా’’ అంటాడు. అన్నాడు. అందరినీ అన్నాడు.

కనక ఇకమీదట ప్రమాణపత్రం తప్పనిసరి చేయాలని సవినయంగా కోరడమైనది. మొదటి ఎపిసోడ్ చివరి పేర్లు పడేలోపు దాఖలు చేయాలి. పేరు ఒకటే రాయాలి, కొట్టివేతలు చెల్లవు. కారణం కింద నిమిషం, సెకను వేయాలి. ‘వాడి మొహం చూస్తేనే తెలిసిపోతోంది’ అనేది కారణం కాదు. ‘ఇంత పేరున్న నటుడికి ఇంత చిన్న వేషం ఇచ్చారంటే’ అనేది కారణమే గానీ అది కథ చదవడం కాదు, పారితోషికం చదవడం. ‘అందరూ కలిసి చేశారు’ అన్న దరఖాస్తులు విప్పకుండానే తిప్పి పంపబడును. కవరు అంటించి ఇంట్లో చిన్నపిల్లల చేతికివ్వాలి. పెద్దవాళ్లని నమ్మలేం.

1980లో ‘డాలస్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ చూసిన జనం మార్చిలో పేలిన తుపాకీ ఎవరిదో తెలుసుకోవడానికి నవంబరు దాకా ఆగారు. రహస్యం పొక్కకుండా చాలామంది నటుల చేత వేర్వేరుగా ఆ తుపాకీ పేల్పించి చిత్రీకరించారు. 1990లో ‘ట్విన్ పీక్స్’ అనే మరో సీరియల్ చూసినవాళ్లు మాత్రం ఆగలేదు. అమ్మాయిని చంపిందెవరో చెప్పమని గోల, ఛానల్ నుంచి ఒత్తిడి. అసలు చెప్పదలుచుకోని రూపకర్తల చేత రెండో సీజన్ మధ్యలో చెప్పించారు. చెప్పాక చూసేవాళ్లు తగ్గిపోయారు, 1991లో అది ఆగిపోయింది. బాతు పొట్ట కోసినవాడి కథ వేరే చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ ప్రకటనకి తోక ఒకటుంది: ‘‘తెలిసిపోయింది, *కాబట్టి* సిరీస్ బాగాలేదు.’’ ఈ ‘కాబట్టి’ దగ్గర నవ్వు రాదు.

ఆధారం దొరికేలా పెట్టడమే కదండీ ఆ రచయిత పని! 1929లోనే రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ రచయిత డిటెక్టివ్ కథలకు పది సూత్రాలు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనబడి తీరాలన్నది అందులో మొదటిది. ముందుగా సిద్ధం చేయకుండా కవల సోదరుణ్ని దించకూడదన్నది చివరిది. అంటే మొదటి ఎపిసోడ్‌లో హంతకుడు మీకు తగలడం రచయిత చేతగానితనం కాదు, నిజాయితీ. వాడు మీ ముందు ముక్కలన్నీ పరిచి ఆడాడు. ఒక ఆధారాన్ని పూడ్చడం ఎంత పనో తెలుసా? ‘‘తొమ్మిదింటికి టీవీలో వార్తలు చూస్తున్నాను’’ అని పక్కింటాయన చెప్పే అబద్ధం రెండో ఎపిసోడ్‌లో పెట్టాలి. ఆ రాత్రి ఎనిమిది నుంచి పది దాకా కరెంటు లేదన్న సంగతి వేరేచోట, వేరే మనిషి నోట, వేరే బాధ కింద రావాలి. ఫ్రిజ్‌లో ఐసు కరిగి వంటింటి నిండా నీళ్లని ఒకావిడ మొగుణ్ని తిడుతుంటే మీరు నవ్వాలి. నవ్వు ఆగకముందే ఫోన్ మోగి శవం సంగతి రావాలి. మాట మీ చెవిన పడాలి, మనసులో మాత్రం ఆగకూడదు. ఆ ఒక్క వాక్యం కోసం సీన్లు ఎన్నిసార్లు ముందువెనకలు మారతాయో! ఇంత చేస్తే దానికి పేరు ‘ఊహించేశాం’. అదే ఎనిమిదో ఎపిసోడ్‌లో ఎక్కడా లేని కవల తమ్ముడు తలుపు తోసుకుని వస్తే ‘మతిపోయింది’ అంటారు, చప్పట్లు కొడతారు. మతి పోవడం మాట నిజమే. న్యాయంగా ఆడినవాణ్ని తిట్టి, జేబులో ముక్క దాచినవాడికి దండేస్తే, రేపు జేబు లేని చొక్కా ఎవడు తొడుక్కుంటాడు? చూసేవాడు ఊహించేశాడన్న భయంతో మధ్యలో హంతకుణ్ని మార్చిన రోజున, అప్పటిదాకా పెట్టిన ప్రతి ఆధారమూ అబద్ధమైపోతుంది. దానికి తయారీదారు మీరే. తర్వాత ‘ఇప్పటి సిరీసుల్లో పస లేదు’ అని ఏడ్చేదీ మీరే.

అన్నట్టు, అంతా ముందే తెలిసిన ఈ మహానుభావులకే ఒక సందేహం మిగిలిపోయిందట. పక్కింటాయన చెప్పింది అబద్ధమని డిటెక్టివ్‌కి ఎలా తెలిసింది, లాజిక్ లేదు, అని. ఒకటిన్నర వేగంలో పెట్టి, మరో చేత్తో ఫోన్ తోసుకుంటూ చూసినవాళ్లకి వంటింట్లో నీళ్లు ఎలా కనబడతాయి? మూడో ఎపిసోడ్, పంతొమ్మిదో నిమిషం. ఆవిడ ఇంకా నేల తుడుస్తూనే ఉంది.