తిరిగి తెచ్చి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు

2021 జూన్ 1న గూగుల్ ఫొటోస్ అపరిమిత ఉచిత నిల్వను ఆపేసి 15 జీబీ హద్దు గీసిన తరువాత, పిల్లల ఫొటోలను ఇంట్లోనే సొంత సర్వర్‌లో దాచుకుందామనే ఆలోచన మనలో చాలామందికి వచ్చింది. అలా దాచుకోవడానికి పనికొచ్చే ఇమ్మిచ్, నెక్స్ట్‌క్లౌడ్ వంటి సాఫ్ట్‌వేర్ల పేర్లు ఈ పాఠకులకు కొత్త కావు. సాఫ్ట్‌వేర్లను విడివిడి డబ్బాల్లా నడిపే డాకర్‌లో వాటిని ఎలా ఎక్కించాలో చూపే వీడియోలకూ కొదవ లేదు. లాగిన్ తెర కనబడగానే ఆ వీడియోలు ముగిసిపోతాయి కానీ, పదేళ్ల ఫొటోల పూచీ మన నెత్తిన పడేది సరిగ్గా ఆ క్షణం నుంచే.

యంత్రం గురించి ఎక్కువ చర్చ అనవసరం. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. తెర మూసి పది వాట్ల దగ్గర నడిస్తే నెలకు ఏడు యూనిట్ల పైచిలుకు కాలుతుంది. కరెంటు పోయినప్పుడు దాని బ్యాటరీయే యూపీఎస్. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది కనుక ఛార్జింగ్‌ను 80 శాతం లోపే ఆపే సెట్టింగు పెట్టుకోవాలి. మొదట ఫొటోలతోనే సరిపెట్టుకోవాలి. ఈమెయిల్ సర్వర్ జోలికి మాత్రం వెళ్లవద్దు. ఇంటి ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి వచ్చే ఉత్తరాన్ని పెద్ద సంస్థలు చాలావరకు చెత్తబుట్టలోనే వేస్తాయి.

బయటి నుంచి సర్వర్‌ను అందుకోలేకపోతున్నామని బ్రాడ్‌బ్యాండ్ కంపెనీని తిట్టుకునేవారు ఎందరో. ఒకే పబ్లిక్ ఐపీని అనేకమంది చందాదారులకు పంచే సీజీనాట్ ఉన్నచోట, రూటర్‌లో పోర్టు, అంటే బయటివారు లోపలికి వచ్చే ద్వారం, తెరిచినా ప్రయోజనం ఉండదు. నన్నడిగితే అది అడగకుండా దొరికిన తాళం. 2021 జూన్‌లో ఇంటర్నెట్‌కు అందుబాటులో ఉన్న మై బుక్ లైవ్ అనే ఇంటి నెట్‌వర్క్ డిస్కులను ఎవరో దూరం నుంచే తుడిచేశారు. వాటికి 2015 తరువాత అప్‌డేట్లే లేవు. మరుసటి జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (డబ్బు గుంజే వైరస్) క్యూనాప్ కంపెనీ నిల్వ పెట్టెల్లోని ఫైళ్లకు తాళం వేసి 0.03 బిట్‌కాయిన్ చొప్పున అడిగింది. మన పరికరాల మధ్యే రహస్య దారి వేసే, వైర్‌గార్డ్ అనే పద్ధతి మీద నడిచే టెయిల్‌స్కేల్ వంటిది ఫోన్‌లోనూ సర్వర్‌లోనూ పెట్టుకుంటే, ఒక్క పోర్టూ తెరవకుండా ఎక్కడి నుంచైనా ఫొటోలు చూసుకోవచ్చు.

పెద్ద కంపెనీల డేటా సెంటర్ల కంటే మీ మంచం కింది ల్యాప్‌టాప్ నమ్మకమైనదా అని అడిగేవారున్నారు. డిస్కు పాడయ్యే విషయంలో ఆ కంపెనీలదే పైచేయి, ఒప్పుకుంటాను. అయితే అమెరికాలో ఒక తండ్రి బిడ్డ జబ్బు డాక్టరుకు చూపడానికి తీసిన ఫొటోల కారణంగా గూగుల్ ఖాతా మొత్తం కోల్పోయాడనీ, పోలీసులు తప్పేమీ లేదని తేల్చినా అది తిరిగి రాలేదనీ 2022లో పత్రికల్లో వచ్చింది. డిస్కు చెడితే ఇంకో నకలు ఉంటుంది. ఖాతా మూసేస్తే మొర వినే నాథుడే ఉండడు.

ఆ ఇంకో నకలు నిజంగా ఉందా అన్నదే ప్రశ్న. మూడు నకళ్లు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటి బయట అనే 3-2-1 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చినది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. అందరూ దాన్ని వల్లిస్తారు, తిరిగి తెచ్చి చూసేవారు అరుదు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేసినప్పుడు, ఉన్న ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ అక్కరకు రాలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఎవరో తీసిన నకలు వారిని కాపాడింది.

నా సంగతి అంతకంటే అధ్వాన్నం. ప్రతి రాత్రి రెండింటికి ఫొటోలను బయటి హార్డ్‌డిస్కుకు ఎక్కించే స్క్రిప్టు ఎనిమిది నెలలు తప్పులేవీ చూపకుండా నడిచింది. ఒక ఆదివారం పాత పెళ్లి ఫొటో ఒకటి వెనక్కి తెద్దామని చూస్తే ఆ డిస్కులో ఎనిమిది నెలలుగా కొత్త ఫైలే లేదు. కేబుల్ వదులై డిస్కు ఊడిపోగా, అదే పేరుతో మిగిలిన ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే ల్యాప్‌టాప్ సొంత డిస్కులోకే, నకళ్లన్నీ చేరుతూ వచ్చాయి. డిస్కు తగిలించి ఉందో లేదో మౌంట్‌పాయింట్ ఆదేశంతో చూసి, లేకపోతే ఆగిపోయి ఫోన్‌కు కబురు పంపే రెండు వరుసలు అప్పుడు రాశాను. ఇమ్మిచ్ వాడేవారికి ఇంకో మెలిక ఉంది: ఫొటోలు ఫోల్డర్లలో ఉంటాయి, ముఖాల పేర్లూ ఆల్బములూ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. రెండూ కలిసి రాకపోతే చేతికి దక్కేది పేర్లు లేని వేల బొమ్మల గుట్ట.

ఇంటి బయటి నకలుకు నెలనెలా అద్దె కట్టనక్కరలేదు. ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే పాస్‌వర్డు లేనిదే చదవలేని, డిస్కు ఒకటి ఊళ్లో అమ్మానాన్నల బీరువాలో ఉంచి, సంక్రాంతికి వెళ్లినప్పుడు కొత్తది పెట్టి పాతది తెచ్చుకుంటే సరిపోతుంది.

అన్నిటికంటే బలహీనమైన కీలు మరొకటి: ఈ ఏర్పాటంతా ఇంట్లో ఒక్కరి తలలోనే ఉండడం. ఊరి భూముల లెక్క పెద్దాయన నోట్లోనే ఉండి ఆయనతోపాటే పోయిన ఇళ్లు మనకు తెలియనివి కావు. అందుకే పాస్‌వర్డు, డిస్కు ఉన్న చోటు, వరుసగా చేయవలసిన పనులు కాగితం మీద రాసి పాసుపుస్తకాల సంచిలో పెట్టాను. గత నెల నేను నోరు మెదపనని మాట ఇచ్చి, ఆ కాగితాన్నీ ఇంకో ల్యాప్‌టాప్‌నూ మా ఆవిడ చేతికిచ్చి ఒక ఫొటో తిరిగి తెమ్మన్నాను. మూడో వరుస దగ్గర ఆమె ఆగిపోయింది. నేను రాసిపెట్టినది ఏడాది క్రితం మార్చేసిన పాస్‌వర్డు.