'ది హంగర్'లో కరెన్ బ్లాక్‌కు దక్కవలసిన చోటు

రిడ్లీ స్కాట్, టోనీ స్కాట్ సోదరుల సంస్థ నిర్మాణంలో 1997లో మొదలైన 'ది హంగర్' టీవీ సిరీస్‌లో 'మెనాజ్ ఆ త్రువా' అనే భాగం ఉంది. దాని గురించి రాసేవారు అది డేనియల్ క్రెయిగ్ జేమ్స్ బాండ్ కాకముందు చేసిన పాత్ర అనో, 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' తారగా పేరు పొందకముందు లీనా హీడీ నటించిన కథ అనో చెప్పి ముగిస్తారు. ఆ వరుసలో అమెరికన్ నటి కరెన్ బ్లాక్ పేరు చివరన, మాటవరసకు మాత్రమే వినిపించడం నాకు ఎంతమాత్రమూ సమ్మతం కాదు. ఎందుకంటే ఆ కథ ఆమెది.

ఎఫ్. పాల్ విల్సన్ రాసిన కథ ఆధారంగా రిడ్లీ స్కాట్ కుమారుడు జేక్ స్కాట్ దీనికి దర్శకత్వం వహించారు. చక్రాల కుర్చీకి పరిమితమైన సంపన్న వృద్ధురాలు మిస్ గాటి (కరెన్ బ్లాక్), ఆమెకు సేవ చేయడానికి వచ్చిన నర్సు, ఆ ఇంటి పనులు చూసే యువకుడు, ఈ ముగ్గురి మధ్యే కథంతా నడుస్తుంది. తన శరీరానికి దూరమైన సుఖాన్ని ఆ యువతీయువకుల శరీరాల ద్వారా పొందాలన్నది వృద్ధురాలి కోరిక. శృంగారం, భయం కలగలిసిన ఇలాంటి సిరీస్‌లలో సాధారణంగా కెమెరా యౌవనంలో ఉన్న నటి దేహం చుట్టూనే తిరుగుతుంది. ఇక్కడ మాత్రం కథను నడిపే కోరిక అరవయ్యేళ్లకు చేరువవుతున్న నటి పోషించిన పాత్రది. కుర్చీలోంచి లేవలేని పాత్రకు నడక, పరుగు, పెనుగులాట వంటి ఆసరాలేవీ ఉండవు కనుక ఆమె ముఖంతోనూ గొంతుతోనూ ఆ ఆకలిని, ఆ పెత్తనాన్ని నిలబెట్టవలసి వచ్చింది.

అరగంటలో ముగిసే కథలో పాత్రను మెల్లగా పరిచయం చేసే వ్యవధి ఉండదు. తక్కువ సమయంలోనే పాత్రను నిలబెట్టే ఆ విద్య కరెన్ బ్లాక్‌కు కొత్త కాదు. 1975లో వచ్చిన 'ట్రిలజీ ఆఫ్ టెర్రర్' అనే టీవీ చిత్రంలోని మూడు కథలలో ఆమె నాలుగు పాత్రలు పోషించారు. వాటిలో చివరి కథను ప్రాణం పోసుకున్న ఒక బొమ్మతో పోరాడుతూ దాదాపు ఒంటరిగా నడిపించారు. 'ఫైవ్ ఈజీ పీసెస్' సినిమాకు ఆస్కార్ నామినేషన్ పొందిన నటిని భయానక చిత్రాల నటిగా మాత్రమే లెక్కగట్టడం ఒక అన్యాయమైతే, ఆ భయానక కథలలో ఆమె చూపిన ప్రతిభను కూడా పట్టించుకోకపోవడం అంతకు మించిన అన్యాయం.

ఈ కథతో నాకు పేచీ లేకపోలేదు. యువజంట కోరిక అందంగానూ, వృద్ధురాలి కోరిక వికృతంగానూ కనిపించాలన్న ఆలోచన దాని పునాదిలోనే ఉంది, అది నన్ను బాధిస్తుంది. అయినా కరెన్ బ్లాక్ మిస్ గాటిని కేవలం రాక్షసిగా మిగలనివ్వలేదు. ఆమెను చూసి భయపడిన క్షణంలోనే ఆమె ఏం కోల్పోయిందో కూడా నాకు అర్థమైంది, రచనలో లేని ఆ జాలిని నటి తెచ్చిందని నేను నమ్ముతున్నాను. ఈ భాగాన్ని ఎవరికైనా చూడమని చెప్పేటప్పుడు దయచేసి మొదట ఆమె పేరు చెప్పండి, మిగిలిన ఇద్దరి పేర్లూ ఆ తరువాత.