మహారాజశ్రీ నవ్వుల పెట్టె గారికి ‘మాష్’ అభిమాని విన్నపం

మహారాజశ్రీ నవ్వుల పెట్టె గారి సముఖమునకు, ‘మాష్’ అనే పాత అమెరికన్ టీవీ ధారావాహిక అభిమానులలో ఒకరు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు ఎక్కడుంటే అక్కడ ఎవరో ఒకరు పగలబడి నవ్వుతూనే ఉంటారు కనుక తమ క్షేమం గురించి విడిగా అడగనక్కరలేదు.

తమ పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలియనివి కావు. టీవీ హాస్య కార్యక్రమాలకు రికార్డు చేసిన నవ్వులు జోడించే యంత్రంగా 1950లలో చార్లెస్ డగ్లస్ అనే ఇంజనీరు తమకు ప్రాణం పోశారు. ఒంటినిండా టైపు మిషనుకు ఉన్నట్టు మీటలు, నవ్వు ఎంతసేపు సాగాలో తేల్చడానికి కాలి కింద ఒక పెడల్, కడుపులో వేరే కార్యక్రమాల ప్రేక్షకుల దగ్గర ఏరి దాచిన నవ్వుల టేపులు, ఆ రహస్యం ఎవరికంటా పడకుండా పైన ఒక తాళం. ముసిముసి నవ్వుకు ఒక మీట, పొట్ట చెక్కలయ్యే నవ్వుకు ఇంకొకటి. ఎవరో ఎప్పుడో దేనికో నవ్విన నవ్వును మరెవరి మాటకో అతికించే ఈ విద్యలో తమకు సాటి లేరని ఒప్పుకోవడానికి మాకు సంకోచం లేదు. మా పేచీ అంతా తమరు కొరియా యుద్ధరంగానికి వేంచేయడం గురించే.

1972 సెప్టెంబరు 17న సీబీఎస్ ఛానెల్లో మొదలైన ‘మాష్’, కొరియా యుద్ధంలో పనిచేసే 4077వ అమెరికన్ సంచార సైనిక శస్త్రచికిత్సా కేంద్రంలోని డాక్టర్ల, నర్సుల కథ. హెలికాప్టర్లలో వచ్చిపడే కుర్రాళ్ళ శరీరాలకు కుట్లు వేసి, బతికినవాళ్ళను మళ్ళీ ఆ యుద్ధానికే అప్పగించవలసి రావడం వాళ్ళ ఉద్యోగం. పిచ్చెక్కకుండా ఉండటానికి వాళ్ళు పట్టుకున్న ఊతకర్ర హాస్యం. ఈ ధారావాహికను రూపొందించిన లారీ గెల్బార్ట్ తమరిని వద్దుగాక వద్దన్నారు. ఛానెల్ వారు మాత్రం, నవ్వు వినబడకపోతే ఇది హాస్యమని జనానికి ఎలా తెలుస్తుందనే ధోరణిలో, తమరిని మేళతాళాలతో దించారు. కొరియా కొండలుగా కనిపించేవి నిజానికి కాలిఫోర్నియాలో మాలిబూ దగ్గరి కొండలు. చిత్రీకరణ ఒకే కెమెరాతో, ప్రేక్షకులు లేకుండా జరిగింది. అయినా కథానాయకుడైన డాక్టరు హాకై పియర్స్ నోరు విప్పగానే, గుడారాల వెనుక ఏదో పొదలో మూడు వందల మంది అమెరికన్లు టిక్కెట్టు కొనుక్కొని నక్కి కూర్చున్నట్టు గొల్లుమనేవారు. శత్రువు ఫిరంగులకు సైతం దొరకకుండా వాళ్ళు ఎక్కడ దాక్కున్నారన్నది కొరియా యుద్ధ చరిత్రకారులు తేల్చవలసిన విషయం.

మేము ఈ ధారావాహికను ఎందుకు ప్రేమించామో తమరికి తెలియజేయడం అవసరం. అందరూ మాట్లాడుకుంటూ ఉండగా రేడార్ అనే గుండ్రటి కళ్ళద్దాల కుర్రవాడు హఠాత్తుగా తల పైకెత్తి చెవి రిక్కిస్తాడు. మిగతావారికి ఏమీ వినబడదు. కొన్ని క్షణాల తరువాతగాని హెలికాప్టర్ రెక్కల చప్పుడు దగ్గరపడదు. అప్పుడు అందరూ చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి పరుగెత్తుతారు. మాకు నవ్వూ దిగులూ ఒకేసారి కలిగే ఇలాంటి చోట్ల ఏది ముందో మేమే తేల్చుకోగలం. తమరు మాత్రం, వద్దు వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి మరో గరిటె వడ్డించే పెళ్ళివారి పెద్దమనిషిలా, మా వంతు నవ్వు కూడా తమరే నవ్వి వెళ్ళిపోతారు.

అయితే న్యాయం న్యాయమే కనుక ఒక మాట చెప్పాలి. గెల్బార్ట్ బృందం పట్టుబట్టి సాధించుకున్న రాజీ ప్రకారం ఆపరేషన్ గదిలోకి తమరికి ప్రవేశం లేదు. గుడారాల్లో, భోజనశాలలో, కర్నల్ గారి ఆఫీసులో ఎంత గోల చేసినా, ఆ తలుపు దగ్గరకు వచ్చేసరికి తమరు చెప్పులు విప్పి బయట నిలబడవలసిందే. దానివల్ల ఒక విచిత్రం జరిగింది. బయట తమ హోరు అలవాటైన చెవికి, లోపల అదే హాకై అవే చమత్కారాలు విసురుతున్నా, చుట్టూ కమ్ముకున్న నిశ్శబ్దం రెట్టింపుగా వినబడేది. 1975 మార్చిలో, మూడవ సీజన్ చివరి భాగంలో, ఇంటికి బయలుదేరిన ఆ కేంద్రం అధిపతి కర్నల్ హెన్రీ బ్లేక్ విమానం జపాన్ సముద్రం మీద కూలిందనీ, ఎవరూ బతకలేదనీ రేడార్ వచ్చి చదివింది ఆ గదిలోనే. ఎవరూ చేతిలో పని ఆపరు. ఎక్కడో ఒక పనిముట్టు కింద పడిన చప్పుడు. అది అనుకోకుండా జరిగినదైనా దర్శకుడు అలాగే ఉంచారు. అక్కడ తమరు లేకపోవడమే ఆ ధారావాహికకు తమరు చేసిన మహోపకారమని మా మనవి.

ఇక తమ మూలంగా అభిమానులలో పుట్టిన కుటుంబ కలహాల సంగతి. బ్రిటన్‌లో బీబీసీ వారు తమరిని రేవు దాటనివ్వకుండానే ‘మాష్’ చూపించారు కనుక, అక్కడివారికి అది విషాదం కలిసిన నాటకం. అమెరికాలో తమతోపాటు పెరిగినవారికి తమరు లేకపోతే ఇల్లు బోసిపోయినట్టు ఉంటుందట. డీవీడీలు వచ్చాక తమరిని ఉంచడమో మానడమో చూసేవారి ఇష్టానికే వదిలారు. నా ఓటు తమకు వ్యతిరేకమని వేరే చెప్పాలా?

మూడేళ్ళ యుద్ధాన్ని పదకొండేళ్ళు సాగదీసిన ఘనత ఈ ధారావాహికది. అందుకు మాకు ఫిర్యాదు లేదు. 1983 ఫిబ్రవరి 28న రెండున్నర గంటల ఆఖరి భాగాన్ని అమెరికాలో పది కోట్లమందికి పైగా చూశారు. అంత పెద్ద సభకు తమరికి పిలుపే రాలేదు. ఆ భాగంలో హాకై గుర్తుచేసుకునే, బస్సులో అరిచిన కోడి నిజానికి కోడి కాదని, ఒక పసిబిడ్డ అని తెలిసినవారెవరూ అందుకు కారణం అడగరు.

కావున విన్నవించుకొనునది ఏమనగా, ఇకపై హాకై జోలికి, రేడార్ జోలికి, ముఖ్యంగా గౌన్లు వేసుకొని సైన్యం నుంచి బయటపడాలని చూసే క్లింగర్ జోలికి తమరు రావద్దు. అందరూ ఆటపట్టించే డాక్టరు మేజర్ ఫ్రాంక్ బర్న్స్ కనిపించినప్పుడు మాత్రం తమ మీటలన్నీ ఒకేసారి నొక్కినా మాకు అభ్యంతరం లేదు.

చిత్తగించవలెను.