ఐదు వందల పదాల్లో ఎదగండి

విదేశాల్లో నర్సింగ్ చదివితే మనిషి ఎదుగుతాడని తేలిపోయింది. బ్రోషర్‌లో అచ్చేశారు కాబట్టి నమ్మక తప్పదు. మెడలో స్టెతస్కోపుతో, ఖాళీ పచ్చిక మీద, ఎవరో జోకేసినట్టు నవ్వుతూ నడుస్తున్న అమ్మాయి. కింద ‘మిమ్మల్ని మీరు కనుగొనండి’ అని ఉంటుంది. యూనిఫాం మీద ఒక్క మరకా లేదు. డ్యూటీ ఎక్కకముందు తీసిన ఫొటో అన్నమాట.

మా అక్క కూతురు బ్రిటన్‌లో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. మొన్న నైట్ డ్యూటీ దిగి ఫోన్ చేసింది. రాత్రంతా కాళ్ల మీద ఉన్న మనిషి పడుకోవాలి కదా! ‘‘మావయ్యా, నేను ఎలా ఎదిగానో ఐదు వందల పదాల్లో రాయాలి. ఈ రాత్రికే సబ్‌మిట్ చెయ్యాలి’’ అంది.

దానికో పద్ధతి ఉంది. 1988లో గ్రాహం గిబ్స్ అనే ఆయన ఒక చక్రం గీశాడు. ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగోలేదు, ఎందుకలా జరిగింది, ఏం తేలింది, ఈసారి ఏం చేస్తావు అని ఆరు అరలు. ఆయన్ని అనడానికేం లేదు, పాపం. ఆయన చక్రం ఇచ్చాడు, దాన్ని గానుగ చేసింది వీళ్లు.

మొదటి ఏడాది మా పిల్ల ఆ గానుగలో వేసిన సరుకేమిటో చెబుతాను. రాత్రి మూడింటికి ఒక పెద్దాయన బెల్ కొట్టి, ‘‘పెన్నీ ఖర్చు పెట్టాలమ్మా’’ అన్నాడు. ఇంగ్లిష్ పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకుని వెళ్లిన పిల్ల కదా, ప్రతి పదమూ అర్థమైంది. ఈ వేళప్పుడు ఏం కొంటాడా అనుకుంటూనే మంచం పక్క అరలోంచి పర్సు తీసి చేతిలో పెట్టింది. ఆయన పర్సు వంక చూశాడు, పిల్ల వంక చూశాడు, అదే మాట ఇంకాస్త గట్టిగా అన్నాడు. చిల్లర చాలదని దిగులేమోనని ఈ పిల్ల పర్సు తెరిచి, దుప్పటి మీద నాణేలు పేర్చి, లెక్కపెట్టి మరీ చూపించింది. ఆయన కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. చలేస్తోందనుకుని ఇంకో దుప్పటి కప్పింది.

ఒకప్పుడు అక్కడి పబ్లిక్ మరుగుదొడ్ల తలుపు పెన్నీ వేస్తేగానీ తెరుచుకునేది కాదట. పాత తరం వాళ్లు ఒంటికి వెళ్లాలంటే ఇప్పటికీ ఆ మాటే అంటారు. ఆ సంగతి తెలిసేసరికి రెండు దుప్పట్లూ, పరుపూ, పెద్దాయన పరువూ తడిసిపోయాయి.

ఇప్పుడిది చక్రంలో తిప్పాలి. ఏమనిపించింది? ఉతికిన దుప్పట్లు ఎక్కడ పెడతారో తెలిస్తే బాగుణ్ననిపించింది. ఏది బాగుంది? చిల్లర సరిపోయింది. విశ్లేషణ? పెద్దాయనకి ప్రోస్టేట్, నాకు ఇంగ్లిష్. ఇలా రాస్తే ఫెయిల్ చేస్తారు. ‘ఈ సంఘటన భిన్న సంస్కృతుల పట్ల నా సున్నితత్వాన్ని పెంపొందించింది’ అని రాస్తే పాస్. పిల్ల అలాగే రాసింది, పాసైంది. ఆ పెద్దాయన సున్నితత్వం ఏమైందో ఏ అరలోనూ అడగరు.

ఆధునిక నర్సింగ్‌కి పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా విదేశంలో నేర్చుకున్నదే. 1851లో జర్మనీలోని కైసర్‌స్వెర్త్ వెళ్లి మూడు నెలలు ఉంది. అక్కడి వాళ్ల అంకితభావాన్ని మెచ్చుకుంది గానీ, నర్సింగ్ సున్నా, పరిశుభ్రత ఘోరం అని తర్వాతెప్పుడో రాసిపెట్టింది. తన ఎదుగుదల గురించి కాకుండా ఆస్పత్రి గురించి రాసింది. ఇవాళైతే ఆమెకి మార్కులు రావు.

అసలు కిటుకు వేరే ఉంది. యూరప్ నిబంధనల్లో నర్సు కావాలంటే 4,600 గంటల శిక్షణ, అందులో కనీసం సగం రోగుల దగ్గరే. బ్రిటన్‌లో వార్డుకొచ్చిన విద్యార్థిని ‘సూపర్‌న్యూమరరీ’ అంటారు, సిబ్బంది లెక్కలో వేయకూడని మనిషి అని. లెక్కలో లేదు కాబట్టి జీతం ఉండదు. ఫీజు మాత్రం ఉంటుంది, విదేశీ పిల్లలకి ఇంకా ఎక్కువ. కానీ ఇద్దరు చెయ్యాల్సిన పనికి ఒక్కరే ఉన్న రాత్రి రెండో జత చేతులు ఎవరివి? లెక్కలో లేని ఈ పిల్లవే. డబ్బు కట్టించుకుని మరీ ఊడిగం చేయించుకుంటూ దానికి ‘వ్యక్తిత్వ వికాసం’ అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

ఈసారి రాయాల్సింది ఒక ముసలావిడ గురించి. మూడు వారాలు ఆవిడకి తల దువ్వింది మా పిల్ల. మొన్న తెల్లవారుజామున ఆవిడ పోయింది. చనిపోయినవాళ్లకి ఒళ్లు తుడిచేటప్పుడు కూడా, బతికున్నప్పటిలాగే చేసే పని చెబుతూ చెయ్యాలని సీనియర్ నర్సు నేర్పిందట. ఈ పిల్లకి ఆ క్షణాన ఇంగ్లిష్ రాలేదు. ‘‘కొంచెం ఇటు తిప్పుతున్నానమ్మా... చెయ్యి ఎత్తుతున్నానమ్మా... అయిపోయిందమ్మా’’ అని తెలుగులోనే చెబుతూ తుడిచింది. ఆ నర్సు ఏమీ అడగలేదట, తువ్వాలు అందించింది.

ఆ మనిషి చావు మా పిల్ల ఎదుగుదలకి ఎలా తోడ్పడిందని అడుగుతోంది ఫారం. తోడ్పడటమేమిటి! చచ్చిపోయింది. ఇంకొకరికి పాఠం కావడానికి పోలేదు ఆవిడ. నోరు మూసుకుని పిల్లని పడుకోనివ్వాలి కదా! అది మానేసి, ఇంకా 120 పదాలు తక్కువయ్యాయని స్క్రీన్ మీద ఎర్రగా చూపిస్తోందట.

‘‘ఈసారి ఏం చేస్తావు అన్న అర ఒక్కటే మిగిలింది మావయ్యా’’ అంది.

‘‘ఏం రాశావు?’’

‘‘నీళ్లు ఇంకొంచెం వెచ్చగా పెడతాను అని.’’

నిన్న ఆ రాత తిరిగొచ్చింది. పక్కన ‘ఇంకా లోతుగా ఆలోచించాలి’ అని రాసి ఉందట.